ఎవరి కాలి నొప్పి

నూకరత్నం కళ్లకు గంతలు కట్టి, చెవుల్లో దూది పెట్టి, ట్రాక్ మలుపు చివర నిలబెట్టారు. వెనక ఎక్కడో సుమిత్ర రిలే బ్యాటన్ పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. చూపు లేదు, వినికిడి లేదు, అయినా రత్నానికి ఆ పిల్ల అడుగులు తెలుస్తున్నాయి. తన తొడలోనే ఇంకెవరో పరిగెడుతున్నట్టు టకటకా కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం ఒకచోట బిగువెక్కగానే రత్నం ముందుకు దూకింది. పది అంగలు వేసి చెయ్యి వెనక్కి చాచింది. బ్యాటన్ వచ్చి అరచేతిలో పడింది.

కోచ్ దేవసహాయం మాస్టారు స్టాప్‌వాచ్ చూశారు. నమ్మకం కుదరక ఇంకోసారి చూశారు. డాక్టర్ వసుధ అసలు చూడలేదు, ఆమెకు ముందే తెలుసు.

ఇది 2041 నాటి సంగతి, విశాఖలో ఒక శిక్షణ కేంద్రంలో. రిలేలో నలుగురి వేగం ఒక ఎత్తు, బ్యాటన్ చేతులు మారడం ఒక ఎత్తు. ముందున్న మనిషి వెనక్కి చూస్తూ పరిగెత్తలేదు కదా. అందుకని పాదం వెంట పాదం వేసి కొలుచుకుని, తన వెనక లేన్ మీద ఒక టేపు ముక్క అంటించుకుంటుంది. వచ్చే మనిషి ఆ టేపు దాటగానే దూకాలి. తొందరపడితే బ్యాటన్ అందదు, ఆలస్యమైతే ఇద్దరూ గుద్దుకుంటారు. వసుధ తయారుచేసిన తోడుపట్టీతో ఆ అంచనాల బాధ తీరిపోయింది. తొడకు చుట్టుకునే పల్చటి పట్టీ అది. కండరంలో పుట్టే విద్యుత్ సంకేతాలను చదివి, రేడియో ద్వారా అవతలి మనిషి పట్టీకి పంపుతుంది. ఆ పట్టీ వాటిని నరానికి అందిస్తుంది. అటునుంచి ఇటూ అంతే. ఆసియా పోటీల వాళ్లు కూడా దానికి ఆ ఏడాదే అనుమతిచ్చారు.

వసుధ ఒక్క హెచ్చరిక చేసింది. "నరంలోకి వెళ్లాక ఏది మీదో, ఏది అవతలివాళ్లదో మెదడుకి తెలీదు. పట్టీ తీసేశాక కూడా ఆ జాడ కొన్ని గంటలు ఉండొచ్చు. చీమ కుట్టినట్టు అనిపించినా సరే, నాతో చెప్పాలి."

చెప్పమన్నది ఎవరితో? పరుగు మనుషులతో. వాళ్లు నొప్పి చెప్పేవాళ్లే అయితే సగం పతకాలు పుట్టేవే కావు.

రత్నానికి ముప్పై రెండేళ్లు. పూడిమడక తీరం ఇసకలో చెప్పుల్లేకుండా మొదలైన పరుగు ఆమెను పదకొండు దేశాలు తిప్పింది. జాతీయ రికార్డు రెండుసార్లు తిరగరాసింది. బయటి దేశంలో పతకం మాత్రం ఒక్కటీ లేదు. పద్దెనిమిదో ఏట, మొదటి విదేశీ పోటీ రోజు పొద్దున, పిక్క పట్టేసిందని ఉన్నమాట చెప్పింది. ఆమె బదులు రిజర్వ్ పిల్లను దించారు. రిలేలో కాంస్యం వచ్చింది. రత్నం మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆనాటి నుంచి మడమ వాచినా, వేలు విరిగినా, ఎవరడిగినా ఒకటే జవాబు. "ఏటీ లేదండి."

ఇప్పుడు వంద మీటర్ల పందెంలోంచి ఆమెను తీసేశారు. మిగిలింది రిలేలో ఆఖరి వంద మీటర్లు. అదీ ఈ ఒక్కసారికేనని ముందే చెప్పారు. పరుగు తప్ప ఇంకో విద్య రాని మనిషి. ఈ పతకం కూడా రాకపోతే ఇన్నేళ్లూ ఏం చేసినట్టు?

పోటీలు పది రోజులున్నాయనగా ఎడమ తొడ వెనక దారం బిగిసినట్టు సన్నటి నొప్పి మొదలైంది. రత్నం వయసు మీద పడిందనుకుంది. బాత్రూమ్ తలుపు వేసుకుని ఐసు పెట్టుకుంది. పట్టీ తీశాక కాసేపటికి నొప్పి తగ్గేది. ఐసు పనిచేసిందని దేవుడికి దండం పెట్టుకునేది. మాస్టారు రోజూ అడిగారు, ఆమె రోజూ అదే జవాబు చెప్పింది. మూడో వంద మీటర్లు పరిగెత్తే సుమిత్రనీ అడిగారు. అరకు వైపు పిల్ల, పందొమ్మిదేళ్లు. ఆ పిల్ల ఒకసారి రత్నం వైపు చూసి, బాగానే ఉన్నానంది.

తాష్కెంట్‌లో ఆసియా పోటీల ఫైనల్. మొదటి ఇద్దరూ మంచి పరుగు తీశారు. సుమిత్ర బ్యాటన్ అందుకునేసరికి మన జట్టే ముందుంది. రత్నం తొడలో అడుగులు మొదలయ్యాయి. పదునుగా, ఇంకా పదునుగా. పతకం వచ్చేస్తోందని ఆమెకు తెలిసిపోయింది.

రత్నం దగ్గరికి ఇంకా పాతిక మీటర్లుందనగా సుమిత్ర తొడ కండరం తెగింది. రత్నం తన తొడ పట్టుకుని ట్రాక్ మీద కూలిపోయింది.

మిగతా లేన్ల వాళ్లందరూ దాటిపోయారు. సుమిత్ర ఒంటికాలి మీద గెంతుతూ, ఏడుస్తూ వచ్చి బ్యాటన్ చేతిలో పెట్టింది.

"తెగింది నాదక్కా. నీది కాదు. లే."

రత్నానికి ఆ మాట అర్థమైంది. కాలికి అర్థం కాలేదు. రెండుసార్లు లేవబోయి రెండుసార్లూ పడింది.

ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. పది రోజుల నుంచీ నొప్పి ఉందని సుమిత్ర అప్పుడు ఒప్పుకుంది.

"నీదే అనుకున్నానక్కా. పట్టీలోంచి వస్తోందనుకున్నాను. చెప్తే నిన్ను తీసేస్తారని ఊరుకున్నాను."

"నాను నాదే అనుకున్నానే," అంది రత్నం. ఇద్దరిలో ఏ ఒక్కరు నోరు విప్పినా ఆ కండరం తెగేది కాదు. అది తలచుకుని ఆమె దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎనిమిది నెలలకు సుమిత్ర కాలు బాగుపడింది. ఆఖరి వంద మీటర్లకు ఆ పిల్లనే తీసుకున్నారు. ఏమీ కాని రత్నం కాలు మాత్రం కుంటుతూనే ఉంది. మెడికల్ బోర్డు ముందు కూర్చుని, పద్నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఆమె నిజం చెప్పింది. "నొప్పుందండి. నిలబడలేకపోతన్నాను." బోర్డు పెద్దాయన స్కాన్ తిరగేసి చూశాడు.

"ఏమీ లేదమ్మా," అన్నాడు.

వెంట వచ్చిన మాస్టారు తల దించుకున్నారు.

ఒక్క మార్గం ఉందని వసుధ చెప్పింది. బాగున్న కాలితో ఇంకోసారి పట్టీ కలిపితే ఆ నరం పాత సంగతి మరిచిపోవచ్చు. నొప్పే అవతలి కాలికి పోతే అని రత్నం అడిగింది. పోదని చెప్పలేనంది. ఆ మార్గం ఉందని సుమిత్రకు తెలిసి, మర్నాడు పొద్దున్నే పట్టీలు రెండూ పట్టుకుని ట్రాక్ దగ్గరికి వచ్చేసింది.

"నాది వాడుకో అక్కా. ఇంకా నొప్పుంది కదా?"

రత్నం ఆ పిల్ల కాలి వైపు చూసింది. బోర్డు ఇచ్చిన కాగితం మడత విప్పి చేతిలో పెట్టింది.

"ఏటీ లేదే. అందులో రాసుంది చూడు."

సుమిత్ర రెండుసార్లు చదివి నమ్మింది. నవ్వుకుంటూ పరుగు తీసింది. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా రత్నం రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడింది.