గువ్వకు ఇంకా అరగంట ఉంది

చివరి బెల్ మోగేసరికి గువ్వ సైన్స్ పరీక్షలో ఇంకా ఆరో ప్రశ్న దగ్గరే ఉంది. మిగతా నాలుగింటికీ జవాబులు నాలుక చివరే ఉన్నాయి. ఏం లాభం? కొత్త సార్ వచ్చి పేపర్ తీసేసుకున్నారు.

గువ్వ సంగతి మీకు చెప్పాలి. పాఠం ఒక్కసారి వింటే చాలు, ఈ పదేళ్ళ పిల్ల పొల్లుపోకుండా తిరిగి చెప్పేస్తుంది. చదవమంటేనే చిక్కు. అక్షరాలు కుదురుగా నిలబడవు. ఒకదాని చోట ఇంకొకటి కనిపిస్తుంది. అలాంటి పిల్లలకు పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించాలి, అరగంట ఎక్కువ ఇవ్వాలి. అది చట్టం. వాళ్ళ నాన్న చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ సంగతి రాసి ఉన్న కార్డు తెచ్చాడు. పరీక్షకు ముందు టీచరుకు చూపిస్తే సరి.

మరి ఈ మహాతల్లి చూపించలేదే! పోయినసారి వెనక బెంచీ పిల్ల "నీకేంటమ్మా, స్పెషల్" అని మూతి తిప్పింది. ఆ మాట గువ్వకు గుచ్చుకుంది. అందుకే కార్డును టిఫిన్ సంచి అడుగున దాచేసింది.

సాయంత్రం డబ్బా కడగబోతే నాన్నకు అది దొరికింది, నూనె మరకలతో. నాన్న టైలర్. తిట్టలేదు. మెడలో టేపు తీసి పక్కన పెట్టి, ఎందుకని అడిగాడు. గువ్వకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవ్వరికీ లేంది నాకే ఎందుకు నాన్నా? జాలిపడి ఇచ్చినట్టుంటుంది."

నాన్న మిషన్ మీదున్న చొక్కా ఎత్తి చూపించాడు. దానికి ఒక చెయ్యి పొట్టిగా ఉంది.

"ఇది పోస్ట్‌మాన్ గారిది. ఆయన ఎడమ చెయ్యి పొట్టి. రెండూ ఒకేలా కుట్టాననుకో, ఏమవుతుంది?"

"వేలాడుతుంది."

"మరి ఇలా కుట్టింది జాలిపడా?"

"కాదు, కొలత చూసి," అంది గువ్వ ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు లెక్కల పరీక్ష. రెండు సబ్జెక్టులు పోతే మళ్ళీ ఇదే క్లాసు. సార్ పేపర్లు పంచబోతున్నారు. వెనక బెంచీ పిల్ల చూస్తూనే ఉంది. అయినా గువ్వ లేచి వెళ్ళి, మరకల కార్డు సార్ చేతిలో పెట్టింది.

"నాకు ప్రశ్నలు చదివి వినిపించాలి సార్. అరగంట ఎక్కువ కూడా ఇవ్వాలి."

సార్ కార్డు చదివి నొచ్చుకున్నారు. నిన్న తానే అడిగి తెలుసుకోవాల్సిందన్నారు. కుర్చీ తెచ్చుకుని గువ్వ పక్కనే కూర్చున్నారు.

బెల్ మోగింది. అందరూ పేపర్లిచ్చి బయల్దేరారు. వెనక బెంచీ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, ఇంకా అవలేదా అని అడిగింది.

ఈసారి గువ్వ తల దించుకోలేదు.

"నాకింకా అరగంట ఉంది," అని చెప్పి, సార్ వైపు తిరిగింది. "ఎనిమిదో లెక్క చదవండి సార్."