ఆగని కూత

“మీరు ఆపితే కదండీ నేను కొట్టేది!” అన్నాడు పిడుగు, కర్రలు డ్రమ్ము మీద పడేసి.

“నేను ఆపి చాలాసేపైందండీ. మీరే కళ్లు తెరిచి నిద్రపోతున్నారు,” అంది గోల.

పిడుగంటే మెటల్ బ్యాండులో డ్రమ్మర్. ఆ పేరు పెట్టింది వాళ్ల బావ. ఆ బావే బ్యాండుకి సింగర్. స్టేజీ మీద ఆయన గర్జిస్తే ముందు వరస జనం వెనక్కి జరుగుతారు. ఇంట్లో మాత్రం అక్క పిలిచిందంటే చేతిలో ఏమున్నా కింద పెట్టి పరిగెత్తాల్సిందే.

గోల అన్న పేరు కూడా ఆయన పుణ్యమే. ఆమె సంగీతంలో రాగం ఉండదు, తాళం ఉండదు. పాత రేడియోలు, మోటార్లు, మీటలున్న ఒక పెట్టె, వాటిలోంచి పుట్టే రొద, అంతే. తన అరుపులూ ఆమె రొదా కలిపి ఒక ఆల్బమ్ చెయ్యాలని బావకి పట్టుకుంది. పట్టుకుంటే వదిలే రకం కాదాయన.

ఆ ఆల్బమ్‌లో ఒక చోట అన్నీ ఆగిపోతాయి. గోల పెట్టెలోంచి సన్నని కూత ఒక్కటే వస్తుంది. అది ఆగిన క్షణంలో పిడుగు విరుచుకుపడాలి. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా పడలేదు.

“ఇప్పుడు కూడా వస్తూనే ఉంది. మీ పెట్టె పాడైందేమో చూసుకోండి,” అన్నాడు పిడుగు.

గోలకి తిక్క రేగింది. వైరు లాగి, పైకెత్తి చూపించింది.

“ఇదిగో, నా చేతిలో ఉంది. ఇంకా వస్తోందా?”

వస్తోంది. సన్నగా, సూటిగా, అదే కూత.

పిడుగు చెవులు మూసుకుని చూశాడు, అయినా ఆగలేదు. ఇంట్లో ఫ్యాను కూస్తోందని అక్కతో పోట్లాడి కొత్తది పెట్టించాడు. కొత్తదీ కూసింది. అప్పుడు ఫ్రిజ్‌ని అనుమానించాడు. నిన్నటికి నిన్న పక్కింటివాళ్ల మోటారుని తిట్టుకున్నాడు. పాపం, వాటిలో ఒక్కదాని తప్పూ లేదన్నమాట.

“లేదు... ఆగింది. ఏదో పరధ్యానంలో ఉన్నాను,” అన్నాడు.

బావ అతని వంక ఎగాదిగా చూశాడు. “పిల్ల ముందు పరధ్యానం మామూలేలేరా,” అని నవ్వి, మిగతావాళ్లని వెంటేసుకుని టీకి బయల్దేరాడు.

గోల వెళ్లలేదు. గోడలకి పాత పరుపులు కొట్టిన ఆ గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె ముక్కాలి పీట లాక్కుని డ్రమ్ముల పక్కన కూర్చుంది.

“అబద్ధమాడారు కదూ?”

అతను డ్రమ్ము మీది కర్రలు సర్దుతూ కూర్చున్నాడు.

“చెవిలోనా?”

“బావకి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను,” అన్నాడు పిడుగు గబగబా. “నాకు ఇంకో పని రాదు. చిన్నప్పుడు కంచాల మీద కొట్టి దెబ్బలు తిన్నవాణ్ణి. ఈ ఆల్బమ్ నుంచి తీసేస్తే నేనేమైపోవాలి? ఒకవేళ మొత్తానికే వినపడకపోతే...”

పెద్ద పెద్ద డ్రమ్ముల వెనక అంత మనిషీ ముడుచుకుని కూర్చున్నాడు.

గోల వైరు మళ్లీ తగిలించి, సౌండు బాగా తగ్గించి, మీట తిప్పింది. “ఇలాగేనా?”

“కాదు. ఇంకాస్త సన్నం.”

“ఇప్పుడు?”

“ఇంకొంచెం... ఆఁ, అదే.”

ఆమె చెయ్యి మీట మీదే ఆగిపోయింది. కళ్లు మూసుకుని విన్నది. చాలాసేపు విన్నది. కళ్లు తెరిచేసరికి వాటిలో నీళ్లున్నాయి.

“ఎప్పుడూ ఇదేనా?”

“నిద్ర పట్టేదాకా.”

ఇన్నాళ్లూ తనొక్కడే మోసిన శబ్దం ఇంకో మనిషి చెవిలో పడింది. ఆ ఒక్కదానికే అతనికి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడవాలనిపించింది. వెంటనే భయం రెండింతలైంది. ఇంకొకరు విన్నారంటే ఇక ఇది నిజమే.

“రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. రానంటే మీ అక్కగారికే ఫోన్ చేస్తాను,” అంది గోల.

బావని కాదు, అక్కని! పిల్ల గట్టిదే.

మర్నాడు చెవుల డాక్టరు అతన్ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికొక బటన్ ఇచ్చాడు. శబ్దం వినపడితే నొక్కాలి. మొదట బాగానే నొక్కాడు. తర్వాత నొక్కడానికేమీ రాలేదు. బొటనవేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూశాడు. లోపల కూత తప్ప ఏమీ లేదు. అద్దానికి అవతల డాక్టరు వేళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అంటే శబ్దాలు వస్తున్నాయి, తనకే చేరడం లేదు. డాక్టరు వెనక నిలబడ్డ గోల వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“పోయింది తిరిగి రాదు. ఆ కూత కూడా పోతుందని చెప్పలేను,” అన్నాడు డాక్టరు. “ఉన్నది కాపాడుకో. చెవుల్లో ప్లగ్స్ లేకుండా డ్రమ్ముల దగ్గరికి వెళ్లావో, నా దగ్గరికి రాకు.”

బయట వాన. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

“ఈ వాన చప్పుడు కూడా ఒకరోజు పోతే?” అన్నాడు పిడుగు. “అప్పుడు ఆ కూత ఒక్కటే మిగులుతుంది.”

“మిగిలితే మిగలనీ. అది నాకు తెలిసిన చప్పుడే కదా,” అంది గోల. “ఇక దాంతో నువ్వు ఒంటరివాడివి కాదు.”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించనట్టే నటించారు.

సాయంత్రం బావకి అంతా చెప్పేశాడు. చెప్పి తలొంచుకున్నాడు. బావ ముఖం పాలిపోయింది.

“వేరే డ్రమ్మర్ని చూసుకో బావా.”

“చూసుకుంటే మీ అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?” బావ అతని తల మీద చెయ్యి వేశాడు. “సౌండు తగ్గించి వాయిద్దాం. నేను కాస్త మెల్లగా అరిస్తే కొంపలేం మునగవు. కానీ అక్కకి నువ్వే చెప్పుకో. నాకు భయంరా బాబూ!”

రికార్డింగు రోజు పిడుగు చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుని కూర్చున్నాడు.

“కూత ఆగిందో లేదో నాకు తెలీదు కదా. ఎప్పుడు కొట్టాలి?” అని గోలని అడిగాడు.

“కూత సంగతి మర్చిపో. నేను నీ వైపు చూస్తాను. చూసినప్పుడు కొట్టు.”

అన్నీ ఆగాయి. కూత మొదలైంది. అది అతని చెవిలోని కూతే. ఆమె అదే శబ్దం తీసుకుని ఆల్బమ్‌లో పెట్టింది. పిడుగు కళ్లెత్తాడు. గోల తన వైపే చూస్తోంది. అంతే, విరుచుకుపడ్డాడు.

“ఆపరా బాబూ!” బావ గర్జించాడు. “కూత ఇంకా నడుస్తోంటే మధ్యలో ఏంటా వీరంగం?”

“ఆవిడ చూసింది బావా!”

“ఏమ్మా, అప్పుడే చూశావా?”

గోల చెంపలు ఎర్రబడ్డాయి. చేతిలో మీట అటూ ఇటూ తిప్పింది.

“చూశాను,” అంది. “అసలు మొదట్నుంచీ... కళ్లు తిప్పుకోవడం మర్చిపోయాను.”

అప్పటికి కూత కూడా ఆపేసింది గోల. పిడుగు చెవిలో మాత్రం అది నడుస్తూనే ఉంది. మొదటిసారిగా అది వింటూ కూడా అతనికి భయం వెయ్యలేదు.

“మళ్లీ మొదట్నుంచీ,” అన్నాడు బావ, నవ్వాపుకుంటూ. “ఈసారి మీ అక్కని కూడా రమ్మంటాను. ఈ సంగతి నేనొక్కణ్ణే చూస్తే ఊరుకోదు.”