పెంకుల గదిలో పిలుపు

నల్లగొండ శివారు ప్రాథమిక బడిలో వెనుకనున్న పెంకుల గదికి చెడ్డ పేరున్నది. ఉర్దూ చదువుల కాలంలో, దసరా సెలవులిచ్చిన పూట, మూలకు గోనెపట్ట మీద నిద్రపోయిన ఒక పిల్లగాణ్ణి చూడకుండ తాళమేసిన్రట. సెలవులు అయినంకనే తలుపు తీసిన్రట...

అప్పటినుంచి ఆ గదికి తాళమేసేవాళ్లు గడపలో నిలబడి, "లోపట ఎవరున్నరు?" అని పిలవాలె. జవాబు కోసం ఆగాలె. ఆ తరువాతనే తాళం.

ముసలి వాచ్‌మన్ గుర్వయ్య ఉన్నన్ని రోజులు అట్లనే చేసిండు. కొలువు దిగినా మొలతాడుకున్న రెండో తాళంచెవి మాత్రం ఇయ్యలేదు. సెలవుల్లో రాత్రిపూట వచ్చి పిలిచి పోయేటోడు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే జానమ్మ నవ్వేది. "ఖాళీ గదిని పిలుస్తవేంది తాతా? లేసొచ్చి చాయ్ పోస్తదా?"

"పోస్తే నీకు సగమిస్త తియ్!"

కొత్త జిల్లాలైన ఏడు, దసరా సెలవులకు బడి మూసే సాయంత్రం. జానమ్మ వంట గంజులు, గిన్నెలు ఆ గదిలో సర్దుతున్నది. ఆమె వెనుక తలుపు మూతబడ్డది... తాళం చప్పుడు. కొత్త వాచ్‌మన్ బస్సు తొందరలో పిలవనే లేదు.

"తమ్మీ! నేనున్న!"

రోడ్డు మీద బతుకమ్మ డీజే మోగుతున్నది. ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. ఫోను వంట షెడ్డులో ఉన్నది. రేపు పొద్దున్నే నారాయణపేటకు, అక్క ఇంటికి పోతున్నానని వాడంతా చెప్పింది. ఇగ ఎవరు వెతుకుతరు?

ఉన్న ఒక్క కిటికీకి ఎప్పుడో ఇటుకలు పెట్టి మూసిన్రు. తలుపు గుద్దింది. అరిచింది. చేతులు వాచినయి. గొంతు పూర్తిగ పోయింది.

డీజే ఆగినంక తెలిసింది— గదిలో ఇంకొక ఊపిరి ఉన్నది.

మూల నుంచి... ఏడ్చి ఏడ్చి అలిసిన చిన్న పిల్లగాని ఊపిరి.

జానమ్మ తలుపుకు అతుక్కుపోయింది. వెనక్కి చూడలేదు.

బయట కర్ర చప్పుడు. దగ్గు.

"లోపట ఎవరున్నరు?"

గుర్వయ్య! పలకబోతే నోట్ల నుంచి గాలే వచ్చింది. తలుపు కొడదామంటే భయానికి చేతులు లేవలేదు. బయట మళ్లొకసారి దగ్గు. కర్ర చప్పుడు మళ్లింది... దూరం పోతాంది...

ఆమె వెనుక నుంచి, నడుమెత్తున—

"హాజర్ సార్!"

పాత కాలంలో పేరు పిలిస్తే పిల్లలు పలికే పలుకు. ఇప్పటి పిల్లలెవరూ అట్ల పలకరు.

కర్ర ఆగింది. తాళం తెరుచుకున్నది. గుర్వయ్య బ్యాటరీ లైటు లోపటికి కొట్టిండు.

"నువ్వా బిడ్డా... పలికింది?"

జానమ్మ గొంతు పట్టుకొని అడ్డంగ తల ఊపింది.

ముసలాయన ఆమెను బయటికి గుంజి, గబగబ తలుపు మూయబోయిండు.

జానమ్మ తలుపుకు కాలు అడ్డం పెట్టింది. గుసగుసగ అన్నది—

"ఆగు తాతా... ఇంకొకరు బయటికి ఎల్లాలె."

ఎక్కడా గాలి లేదు. ఆమె చీర కుచ్చిళ్లు మాత్రం, చిన్న చెయ్యేదో పట్టుకొని గడప దాటినట్టు, మెల్లగ కదిలినయి.