నలభై ఒకటో సబ్జెక్ట్

పోశం పద్మాపూర్ దగ్గర పాత గనిలో నిలిచిన నీళ్లలో దూకి చచ్చిపోయాడు. హెల్‌వెర్న్ అనే విదేశీ మందుల కంపెనీ రికార్డులో మాత్రం అతను "ఊరు మారాడు". కాటికి పోవడం కూడా ఊరు మారడమేనని వాళ్ల లెక్క కాబోలు!

2014 మే నెల. హైదరాబాద్‌లోని నిఘా ఆఫీసులో బీరువాలకు ఆంధ్ర, తెలంగాణ అని చీటీలు అంటిస్తున్నారు. ఎవరెటు పోతారో ఆప్షన్ ఫారాలు నింపుతున్నారు. ఆ గోలలోనే చీఫ్ రామనాథం ఏజెంట్ ధనరాజ్‌ని పిలిచి తలుపు వేశాడు.

"మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఒక ప్రైవేట్ క్లినిక్. ఎన్ని మందులు మార్చినా లొంగని డిప్రెషన్‌కి, పాత మందుతో పాటు కొత్త మాత్ర ఒకటి కలిపి ఇస్తున్నారు. యాడ్-ఆన్ ట్రయల్. నలభై మంది పేషెంట్లు. అందరూ మన తెలుగు గని కుటుంబాల వాళ్లే. ముగ్గురు పోయారు. ఆ చావులు మాయం చేశారు."

"నా వేషం?"

"పేషెంట్. లోపల మన మనిషి ఉంది. ట్రయల్ కోఆర్డినేటర్ చంద్రకళ. కోడ్ వర్డ్, 'విసాపూర్‌లో వాన పడిందా?'"

"నన్ను డిప్రెషన్ పేషెంటని నమ్ముతారా సార్?"

రామనాథం అతని మొహంలోకి తేరిపార చూశాడు. "మేకప్ అక్కర్లేదు."

ధనరాజ్ గడ్డం పెంచి, అక్కడి విరూర్ ఊరి కూలీగా మారి, నలభై ఒకటో సబ్జెక్ట్‌గా చేరాడు. మాత్రలు నాలుక కింద దాచి బయట ఉమ్మేసేవాడు. చొక్కా గుండీలోని కెమెరా మూడో రోజుకే బొగ్గు దుమ్ముకి గుడ్డిదైంది. డాక్టర్ అడిగే ప్రశ్నలకు అబద్ధాలు బట్టీపట్టి వెళ్లి, సగం నిజాలే చెప్పి వచ్చాడు. అందుకు అతనికి తన మీద తనకే కోపం వచ్చింది.

బెంచీ మీద పక్కన కూర్చునేది సారక్క. కూర్చునేది అనడం కూడా తప్పే, నిమిషం నిలకడగా ఉండేది కాదు.

"ఏం గోలీలో ఏమో తమ్మీ, తొమ్మిది దినాలాయె కన్ను మూయక. కూసుంటె కూసోబుద్ధైతలేదు. కాళ్లు గుంజుతున్నయ్. పోశమన్న గిట్లనే తిరిగి తిరిగి నీళ్లల్ల పడ్డడు."

"మానెయ్ అక్కా."

"బంద్ చేస్తె పాత మందు గూడ ఇయ్యరంట. అదన్న లేకుంటె నేను బతుకుతనా?"

మూడో వారం చంద్రకళ కారిడార్‌లో ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, నలభై ఆరు డిగ్రీల ఎండలోనూ చెదరని లిప్‌స్టిక్. హైదరాబాద్ నుంచి దిగిన మనిషి.

"విసాపూర్‌లో వాన పడిందా?"

"పడుతుంది. సోమవారం పన్నెండింటికి మొదటి దశ డేటా లాక్. కంపెనీ మనిషి హెర్మన్ వస్తున్నాడు. లాకైతే ఇక ఒక్క అక్షరం మారదు. ఆ మధ్యాహ్నం నుంచే అందరికీ డబుల్ డోస్."

ధనరాజ్‌కి సారక్క కాళ్లు గుర్తొచ్చాయి. సింగిల్ డోస్‌కే నిలవని మనిషి!

"డబుల్ డోస్‌కి వీళ్లు ఒప్పుకోలేదుగా. సమ్మతి పత్రాలు?"

"అసలువి నా దగ్గర భద్రం. సోమవారం వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి నేనే ఇస్తా."

సోమవారం, పదకొండూ యాభై. పేషెంట్లంతా కూర్చున్న హాల్లో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ బోర్కర్ పత్రాలు తిరగేస్తున్నాడు. ఆయన సరే అంటే హెర్మన్ లాప్‌టాప్ మీద మీట నొక్కుతాడు. ప్రతి పత్రంలోనూ డబుల్ డోస్‌కి సమ్మతి, కింద గుండ్రని తెలుగు సంతకం.

పైనున్నది ధనరాజ్ పత్రమే. తాను సంతకం పెట్టింది మరాఠీలో. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. సంతకమంటే మరాఠీదే, లేకుంటే వేలిముద్ర. తెలుగువాడు తెలుగులోనే రాస్తాడనుకుని హైదరాబాద్‌లో ఎవరో తీరిగ్గా కూర్చుని అన్నీ గీకేశారు. అసలువి దాచి ఇవి ఇచ్చిందంటే, చంద్రకళ అమ్ముడుపోయింది.

బోర్కర్ పెన్ను తీశాడు. పదకొండూ యాభై ఏడు.

"సాహెబ్, ఆగండి!" ధనరాజ్ మరాఠీలో అరిచాడు. "ఈ సంతకాలు మావి కావు!"

"పేషెంట్ సార్," చంద్రకళ నవ్వింది. "మతి నిలకడలేదు."

బోర్కర్ తటపటాయించాడు. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, సారక్క లేచింది. ఆయన పెన్నే లాక్కుని మరాఠీలోనే అడిగింది.

"నాకు తెలుగు రాయొస్తదా సాయెబ్? నాలుగు దాక మరాఠీ బడిల సదివిన."

వంకరటింకర మరాఠీ అక్షరాల్లో పేరు రాసింది. బోర్కర్ దాన్ని చదివి, పత్రం మీది సంతకం చూసి, సారక్క మొహం చూశాడు. వెనక బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. హెర్మన్ వేలు మీట మీదికి దిగుతుండగా బోర్కర్ ధడాలున లాప్‌టాప్ మూసేశాడు. వేలు నలిగి హెర్మన్ కెవ్వుమన్నాడు. పదకొండూ యాభై తొమ్మిది.

చంద్రకళ కళ్లద్దాలు తీసింది. "అందరికీ ఆప్షన్ ఇచ్చారుగా ధనరాజ్. నేను కంపెనీని ఎంచుకున్నా."

హెర్మన్, డాక్టర్, చంద్రకళ ముగ్గురూ అరెస్టయ్యారు. క్లినిక్‌కి లక్క సీలు పడింది.

వారం తర్వాత ధనరాజ్ గడ్డం గీసుకుని చెప్పిపోదామని వచ్చాడు. సారక్క మూసిన తలుపు ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. కాళ్లు నిలకడగా ఉన్నాయి.

"నిద్ర పడుతోందా అక్కా?"

"పడుతున్నది. లోపటి ఏడుపు మాత్రం గట్లనే ఉన్నది. పాత మందు అయిపోయింది తమ్మీ, బయట కొన పైసల్ లేవ్."

"అది లోపల బీరువాలోనే ఉంది. సాక్ష్యం కింద సీల్ చేశారు."

"ఎప్పుడిస్తరు?"

"కేసు తేలాక."

నెల రోజుల్లో మొదటిసారి సారక్క నవ్వింది. "గందాక నన్ను గూడ సీల్ చేసి పోరాదూ!"