మూడో పీపా

"కొండల్లో మంచు కరిగిందా?"

"సముద్రం ఇంకా చూడలేదు."

కోడ్ సరిపోయింది. కార్వాన్‌లోని తోళ్ల గోదాం తలుపు వేలెడంత తెరుచుకుంది. లోపల తోళ్ల కట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఇశ్రాయేలు జామపండు కోసుకుంటున్నాడు. బయటి లోకానికి అతను తోళ్ల వ్యాపారి దగ్గర గుమాస్తా. 1942 మార్చి నెలలో హైదరాబాద్‌లో పనిచేస్తున్న రహస్య శాఖలోని ఏడుగురికి మాత్రం అతను చీఫ్.

"కూసో, రామ్‌చందర్."

ఏజెంట్ నెంబర్ సెవెన్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ పేరుతో అతన్ని ఎవరైనా పిలిచి ఏడేళ్లయింది. క్వెట్టా భూకంపంలో రామ్‌చందర్ చనిపోయాడని ఇంటికి టెలిగ్రాం పంపి, ఆ రోజు నుంచే శాఖ అతన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. కరాచీలో ఒక పేరు, రంగూన్‌లో ఇంకో పేరు. ఏ ఊళ్లోనూ అతని కోసం అన్నం మూతపెట్టి ఎదురుచూసేవాళ్లు లేరు.

"ప్రొఫెసర్ వైస్. స్విస్ పాస్‌పోర్ట్," అన్నాడు చీఫ్. "కాశ్మీర్ల మంచుకొండల నీళ్లు మూడు పీపాలు లారీల ఏసుకొని నాగపూర్ మీదుగ మన షహర్‌కొచ్చిండు. గా నీళ్లు బందర్ కాడ సముద్రంల పోస్తడట. సైన్స్ అంటడు."

"అసలు సంగతేంది సార్?"

"వైర్‌లెస్ సెట్. బందర్ ఒడ్డుకు కూసోని మాట్లాడితే దుష్మన్ల సబ్‌మెరైన్‌కు ఇనపడతది. ఈ నెలాఖరుకు మద్రాస్ రేవు నుంచి మన పటాలం ఓడ పోతున్నది. రెండు వేల మంది."

"అరెస్ట్ చెయ్యుండ్రి."

"ఉత్త చేతుల్తోటి పట్టుకుంటే మస్తు లొల్లయితది. సెట్ యాడ దాచిండో తెల్వాలె. పీపాలకు సర్కారీ సీళ్లున్నయ్. ఒక్క సీలు తెంపెటందుకు పర్మిషన్ తెచ్చిన. ఒక్కటే. అది తప్పైతే వాడు సలాం కొట్టి సముద్రానికి పోతడు."

చీఫ్ జామపండు ముక్క నోట్లో వేసుకోబోయి ఆగాడు.

"ఇంకో మాట. వైస్ ఎన్క ఒక ముఠా ఉన్నది. వాండ్ల బంగ్లా గౌలిపురల ఉన్నది. మీ అక్క ఆండాలే ఆడ పాలు పోస్తది. నువ్వెవరో బయటపడితే ఆ ముఠా ముందుగాల ఆమె ఇంటికే పోతది. నువ్వు సచ్చినోనివి. సచ్చినోని లెక్కనే ఉండాలె. సమజైందా?"

"సమజైంది సార్," అన్నాడు రామ్‌చందర్.

మర్నాడు గౌలిపుర బంగ్లాలో గోవా డ్రైవర్ డిసౌజా చేరాడు. నల్ల గడ్డం, నుదుటి మీద మైనంతో చేసిన మచ్చ, వెనక ఏం జరుగుతోందో చూపించే చిన్న అద్దాలు అంచుల్లో అమర్చిన కళ్లజోడు. తెలుగు ఒక్క ముక్క రాదు. కొంకణి కలిసిన హిందుస్తానీ, అవసరానికి మించిన ఇంగ్లీషు.

డిసౌజా పని ప్రయాణానికి ప్లాన్ వేయడం. వరండాలో బల్ల మీద ఇంత పొడుగు మ్యాపు పరిచి, ప్రొఫెసర్ ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. పైన తెల్లటి కొండలు, కింద నీలం సముద్రం. నాగపూర్ దాకా గీత పూర్తయింది. ఇక మిగిలింది సగం.

"సూర్యాపేటలో మొదటి హాల్ట్. బెజవాడలో రెండోది. టైర్లు?"

"మూడు స్పేర్, సర్. ఎండాకాలం. ఇంజిన్‌కు నీళ్లు ఎక్కువ కావాలి."

"వెరీ గుడ్, డిసౌజా! నువ్వు సముద్రం చూశావుగా. మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించింది?"

"చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, సర్."

ఆ ఒక్క మాటా అబద్ధం కాదు.

ప్రొఫెసర్‌కు సెక్రటరీ కళావతి. ఒకప్పుడు నాటకాల్లో పాడి షహర్‌ను ఊపేసిన మనిషి. జార్జెట్ చీర, చేతిలో ఎప్పుడూ ఆరని సిగరెట్. వారానికో చీటీ చీఫ్‌కు పంపేది కూడా ఆమే. శాఖ లెక్కలో ఆమె మన మనిషి, డిసౌజా అసలు ఎవరో మాత్రం ఆమెకూ చెప్పలేదు. అందగత్తెల విషయంలో శాఖ లెక్కలు తప్పడం అదే మొదటిసారి కాదు.

రామ్‌చందర్ వారం రోజులు వెతికాడు. సీట్లు విప్పాడు, లారీ చాసిస్ కింద దూరాడు, స్టెప్నీ కోసి చూశాడు. సెట్ లేదు. మిగిలినవి ప్రొఫెసర్ ఎవరినీ తాకనివ్వని పీపాలే. వాటి మూతల మీద లక్క సీళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. మూడింట్లో ఏది?

వెతకడం కష్టం కాదు. కష్టమల్లా పొద్దున ఆరింటికి. ఆ వేళకు సందు చివర నుంచి ఒక పిలుపు వినిపించేది. నాలుకతో రెండు సార్లు చప్పరించి, చివర్లో "హోయ్యా" అని దీర్ఘం తీసే పిలుపు. గౌలిపురలో పాడి ఉన్న ప్రతి ఇంటికీ ఒక పిలుపు ఉంటుంది. ఇంకొకరి పిలుపుకి బర్రె చెవి కూడా కదపదు. ఇది వాళ్ల ఇంటి పిలుపు. రామ్‌చందర్ నడక కన్నా ముందు నేర్చుకున్నది.

వెనకే ఆండాలు గేటు దగ్గరికి వచ్చేది. జుట్టు ముందు భాగం నెరిసిపోయింది. అతను గిన్నె పట్టుకుంటే ఆమె పాలు పోసేది.

"గిన్నె సక్కగ పట్టు దొరా, ఒలుకుతయ్."

"థాంక్యూ, బాయి."

ఆమె వెళ్లిపోయేది. అతను ఆ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడేవాడు. పరాయి దేశంలో ఒంటరితనం ఫర్వాలేదు, దానికి కారణం ఉంటుంది. సొంత సందులో, సొంత అక్క ముందు పరాయివాడిగా నిలబడటం మాత్రం అతనికి భరించరానిదిగా ఉంది. లోపలికి వెళ్లి ఆ పాలు కాఫీ కూడా కలపకుండా తాగేవాడు.

ఆ దిగులులోనే తప్పు చేశాడు. మంగళవారం మధ్యాహ్నం లారీకి నీళ్ల డబ్బాలు ఎక్కిస్తున్నాడు. చేయి దానంతటదే వంగి, పక్కనున్న గడ్డిమోపులోంచి ఓ పిడికెడు తీసి, మెలిపెట్టి డబ్బా మూతిలో దోపింది. దారిలో పాలు తొణక్కుండా గౌలిపుర వాళ్లందరూ చేసే పని.

కళ్లజోడు అంచు అద్దంలో కళావతి కనిపించింది.

"డిసౌజా, గోవాలో నీళ్లలో గడ్డి వేస్తారా?"

"మా అమ్మ వేసేది, మేడం."

"మంచి అమ్మ," అని నవ్వి, సిగరెట్ పొగ వదిలి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున్నే ఆమె అతన్ని స్పేర్ టైర్ కోసం కార్వాన్ పంపింది. ప్రయాణం రేపు కదా అనుకుని సైకిలెక్కాడు. టైరు కన్నా ముందు గోదాంలో చీఫ్‌ను కలిశాడు.

"కళావతి ఈ వారం చీటీ పంపలే. నీకేమన్న తెలుసా?"

"టైర్ కోసం పంపింది సార్." నిన్న డబ్బా మూతిలో దోపిన గడ్డి గుర్తొచ్చింది. "ఆమెకు నేనెవరో తెలిసిపోయింది. ఇయ్యాలనే పోతున్నరు!"

మఫ్టీలో ఉన్న ఇద్దరు జవాన్లతో సైకిళ్లు మూసీ మీది నయాపూల్ వంతెన దిక్కు పరుగెత్తాయి. పెట్రోల్ పోయించుకోవడానికి లారీ నది దాటి తీరాలి. వీళ్లు వంతెన మీదికి చేరేసరికి, అవతలి కొస నుంచి లారీ దూసుకొస్తోంది. స్టీరింగ్ దగ్గర కళావతి. పక్కన ప్రొఫెసర్, ఒడిలో మ్యాపు. చుట్టూ ఆఫీసులకు వెళ్లే జనం, టాంగాలు, పళ్ల బుట్టలు. తుపాకీ పేల్చే వీల్లేదు. లారీ వంతెన దాటితే ఇక అందదు.

అప్పుడే మూసీలో కడిగిన బర్రెల్ని తోలుకుని ఆండాలు ఒడ్డు ఎక్కుతోంది. పదకొండు బర్రెలు, వంతెన పక్కనే, తాపీగా.

రామ్‌చందర్‌కు ఆలోచించుకోవడానికి రెండు క్షణాలు దొరికాయి. పిలిస్తే అక్కకు తెలుస్తుంది. జనంలో ముఠా మనిషి ఒక్కడున్నా చాలు. పిలవకపోతే ఓడలోని రెండు వేల మంది.

నాలుకతో రెండు సార్లు చప్పరించాడు.

"హోయ్యా...!"

పదకొండు తలలు ఒక్కసారి లేచాయి. నల్లటి గోడ ఒకటి కదిలి వంతెనకు అడ్డంగా వచ్చి నిలబడింది. బ్రేకు కీచుమంది. లారీ ముందు బర్రె కొమ్ములకు జానెడు దూరంలో ఆగింది.

ఆగిన కుదుపులో పీపాలు మాట్లాడాయి. మొదటిది బుడుక్కుమంది. రెండోది బుడుక్కుమంది. పాలబిందెల మధ్య పెరిగిన చెవి ఆత్రంగా ఎదురుచూసింది. మూడోది మాట్లాడలేదు.

"మూడోది! సీలు తెంపండి!" హిందుస్తానీలో అరిచాడు రామ్‌చందర్.

ప్రొఫెసర్ పిస్తోలు తీశాడు. జవాను లాఠీ అతని మణికట్టు మీద పడింది. కళావతి కిందికి దూకబోయి, ఎటు చూసినా బర్రెలే కనబడి, మళ్లీ కూర్చుంది. మూడో పీపాలో రంపపు పొట్టు, ఆ పొట్టులో మెత్తగా పడుకున్న వైర్‌లెస్ సెట్.

జనం మూగారు. వాళ్లను తోసుకుంటూ ఆండాలు వచ్చింది. ఎవరో ముసలివాడు అన్నాడు:

"గదేంది ఆండాలూ, అచ్చం మీ రామ్‌చందర్ లెక్కనే పిలిచిండు గదనే!"

ఆమె డిసౌజా గడ్డం వంక చూసింది. నుదుటి మీద సగం ఊడి వేలాడుతున్న మచ్చ వంక చూసింది. జవాన్ల వంక, బేడీల వంక చూసింది. ఆమె జనం వైపు తిరిగింది.

"మా తమ్ముడు పోయి ఏడేండ్లాయె," అంది అందరికీ వినబడేట్టు. "ఈ దొర మా పాలు తాగెటోడు. దినాం నా పిలుపు ఇని ఇని నేర్సుకున్నడు. పోండ్రి, ఏం తమాషా జూస్తున్నరు?"

జనం కాస్త వెనక్కి జరిగారు. ఆమె దగ్గరికి వచ్చింది. మాటలో ఇప్పుడు ధైర్యం లేదు.

"దొరా... రేపటి సంది పాలు పొయ్యాల్నా, వద్దా?"

"నహీ చాహియే, బాయి." ఆ మూడు మాటలు పలకడానికి అతని ప్రాణం పోయినంత పనైంది.

"మంచిది. యాడున్నా జర యాళకు తిను. బక్కగైనవ్."

బర్రెల్ని మళ్లించుకుని వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత ఓర్పు కావాలో వంతెన మీద ఒక్కడికే తెలుసు. వాడు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

సాయంత్రం గోదాంలో చీఫ్ రిపోర్టు చదివి మడిచాడు.

"మీ అక్క గంత మంది ముందల కండ్లల్ల నీళ్లు రాకుండ అబద్ధం జెప్పింది. మన కళావతికి గూడ గంత ట్రైనింగ్ లేదు. శాఖల ఒక ఖాళీ పడ్డది. అడిగి చూద్దునా?"

రామ్‌చందర్ తల అడ్డంగా ఊపాడు.

"రాదు సార్. ఆమె చేతి కింద పదకొండు మంది ఉన్నరు. మన ఏడుగురి లెక్క గాదు. పిలిస్తే వస్తరు."