సుందర్ రాజు గారి ఎడమ చెవి

వైన్ తొట్టిలో బోర్లా తేలుతున్న మనిషి ఫొటోను షెహజాది మేడమ్ బల్లమీద పెట్టింది.

"మన కొరియర్. మొన్న ఫ్రాన్సులో, బోర్డో ఊళ్ళో దొరికాడు," అంది. "నీ ఫ్లైట్ ఎల్లుండి."

మెల్విన్ ఫొటో చూశాడు, భయపడ్డాడు, ఆ భయంలోనే ఆవులించాడు. తెల్లారకముందే వేర్‌హౌస్‌లో షిఫ్టు, పొద్దున యూనిలో లెక్చర్లు, మధ్యాహ్నం గూఢచర్యం. మాస్టర్స్ చదివే కుర్రాడికి ఇంతకు మించిన అలసట రావాలంటే పెళ్ళి చేసుకోవాలి.

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఒక మైగ్రేషన్ ఏజెంట్ బోర్డు వెనక గదిలో వాళ్ళ గూఢచారి ఆఫీసు నడిచేది. బోర్డు చూసి నిజంగానే వీసా కోసం వచ్చే అమాయకులకు షెహజాది వీసాలు కూడా ఇప్పించేది. దేశభద్రత చూసుకునేది మిగిలిన టైములో. హైదరాబాద్ నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ మాటలో మాత్రం హైదరాబాద్ ఇంకా వదల్లేదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా దగ్గర మెల్‌బోర్న్ నీటి పంపులన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేయగల ప్రోగ్రాం ఉంది. దానికి విరుగుడు కనిపెట్టింది మెల్విన్ ప్రొఫెసర్, సుందర్ రాజు గారు. ఆ విరుగుడు ఒక చిన్న చిప్పులో ఉంది. ఆర్కిడ్ సర్వర్లు బోర్డోలో ఉన్నాయి, వాటిలోకి దాన్ని ఎక్కించగలవాడు లావాల్ అనే ఫ్రెంచ్ నిపుణుడు ఒక్కడే. ఆయన ముఖం ఆర్కిడ్ వాళ్ళకి తెలీదు. ఈమెయిళ్ళు లీకవుతున్నాయి కాబట్టి చిప్పు చేతి నుంచి చేతికే వెళ్ళాలి. పైకి మాత్రం ఇది ఒక ప్రొఫెసరూ ఆయన శిష్యుడూ చేసే విహారయాత్ర. ఊరు చూడ్డం, వైనరీలు తిరగడం.

"మేడమ్, ఫ్రైడే నాకు అసైన్‌మెంట్ సబ్‌మిషన్ ఉంది."

"ఎక్స్‌టెన్షన్ అడుగు. ఫ్యామిలీ ఫంక్షన్ అని చెప్పు. మనోళ్ళకి నెలకొకటి ఉంటది కదా, ఎవ్వరూ డౌట్ పడరు."

బోర్డోలో క్లారా అనే అమ్మాయి గైడ్ వేషంలో కలుస్తుందని కూడా చెప్పింది. ఆర్కిడ్ వాళ్ళు ఆమెను తమ మనిషే అనుకుంటున్నారు, నిజానికి మన మనిషి. డబుల్ ఏజెంట్. ఫ్రెంచ్ పాలనలోని రీయూనియన్ ద్వీపంలో పుట్టింది, ఫ్రెంచ్, ఇంగ్లీష్ తప్ప ఇంకో ముక్క రాదు. అయినా సరే, లావాల్ సంగతి ఆమెకు పొక్కనివ్వద్దంది.

ఇక గాడ్జెట్లు. విషాన్ని పసిగట్టే పెన్ను, చొక్కా గుండీలో కెమెరా, సిగ్నల్ పంపే వాచీ. చిప్పు దాచే చోటు షెహజాది స్వయంగా ఎంచింది. సుందర్ రాజు గారి కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమ చెవి వినికిడి మిషను మీద బతుకుతోంది. ఆ మిషనులో బ్యాటరీ తీసేసి చిప్పు పెట్టారు. ముసలాయన చెవిలో ఎవడు వెతుకుతాడని ఆవిడ ధీమా. బ్యాటరీ లేకపోతే ఆయనకు గట్టిగా అరిస్తే తప్ప ఏమీ వినపడదన్న చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

బయల్దేరే రోజు రాజు గారి భార్య మరియరాణి ఆంటీ కారు దాకా వచ్చింది. ఆవిడకు తెలిసినంతవరకు ఇదొక కాన్ఫరెన్సు. ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది మెల్విన్ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఇంట్లోనే కడుపునిండా తిన్నాడు. మిగిలిన వారమంతా ఆ భోజనం తల్చుకుంటూ బ్రెడ్డు నమిలాడు.

"ఆయనకి వెనకాల బండొచ్చినా వినపడదు బాబూ. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకో. ఎలా తీసుకెళ్తన్నావో అలాగే తీసుకురా," అంది ఆంటీ.

"సరే ఆంటీ," అన్నాడు మెల్విన్. అన్నాక, తొట్టిలో మనిషి గుర్తొచ్చాడు. నీళ్ళ పంపుల సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి. ఈ పెద్దాయనకు ఏమైనా అయితే ఆవిడ ముఖం తను చూడలేడు.

బోర్డో చేరిన సాయంత్రానికే గాడ్జెట్లన్నీ చార్జింగ్ లేక చచ్చిపోయాయి. ఆస్ట్రేలియా ప్లగ్గు ఫ్రాన్సు గోడలో దూరదు. ఎయిర్‌పోర్టులో హడావుడిగా కొన్న ఎడాప్టరు ఇంగ్లండుది. ఫోను ఒక్కటే హోటలు వాళ్ళ చార్జరుతో బతికింది. ప్రపంచాన్ని రక్షించాల్సిన పెన్ను పోస్టాఫీసు పెన్ను పాటి కూడా రాయలేదు.

క్లారా మాత్రం బ్రీఫింగ్‌లో చెప్పిన దానికన్నా బాగుంది. ఎర్రటి పెదవులు, భుజాల మీద బూడిద రంగు సిల్కు స్కార్ఫు, రాళ్ళు పరిచిన వీధుల్లో కూడా తొణకని హైహీల్స్ నడక. రెండు రోజులపాటు ఊరంతా తిప్పింది. పాతకాలపు పెద్ద గంట వేలాడే కోటద్వారం, గరోన్ నది ఒడ్డు, తేనెరంగు రాతి మేడలు, ఆ మేడల నీడ పడేలా చదును రాతి మీద పల్చగా నీళ్ళు పారించిన చౌకు. ఆ చౌకును నీటి అద్దం అంటారు. అందరూ చెప్పులు విప్పి ఆ నీళ్ళలో ఆడుకుంటుంటే మెల్విన్ బెంచీ కోసం వెతుక్కున్నాడు.

ఊరు అయ్యాక వైనరీలు. ఒక్కో చోట ఒకటే కథ: తాతల నాటి తోట, సున్నపు నేల, నేలమాళిగలో పీపాల వరస. అరగ్లాసు వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మాలి. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి మెల్విన్ నిజాయితీగా ఉమ్మాడు. రాజు గారు అదీ లేదు, ప్రతి చోటా వట్టి ద్రాక్షరసం అడిగారు. అడిగినప్పుడల్లా ఆ వైనరీవాళ్ళ ముఖంలో చావు కబురు విన్నట్టుండేది.

కష్టమల్లా రహస్యాలు మాట్లాడుకోవడంతో వచ్చింది. ఆయనకు వినపడాలంటే అరవాలి. ట్రామ్‌లో క్లారా ఎదురుగా కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తుండగా మెల్విన్ ఆయన చెవిలో గొంతు చించుకున్నాడు.

"రేపు సాయంత్రం అంకుల్! నీటి అద్దం దగ్గర! లావాల్ వస్తాడు! చంకలో రొట్టె ఉంటది, అదే గుర్తు! చిప్పు మీ చెవిలోనే ఉంచండి!"

ట్రామంతా తిరిగి చూసింది. క్లారా మాత్రం అందంగా విసుక్కుని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఇంత చవకైన కోడు భాష ఏ గూఢచారి సంస్థకు ఉంటుందని మెల్విన్ లోలోపల మురిసిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఊరి బయట ఒక ద్రాక్షతోటలో భోజనం. ప్లేట్లు వచ్చాయి. యజమాని ఏదో సాస్ గురించి చెబుతున్నాడు, క్లారా ఫోర్కు పట్టుకుని ఇంగ్లీషులోకి మారుస్తోంది. రాజు గారు చేతులు జోడించలేదు, కళ్ళు మూయలేదు. ప్లేటు వంక చూస్తూనే మామూలు గొంతుతో తెలుగులో అన్నారు:

"ప్రార్థన చేసుకుందాం."

క్లారా ఫోర్కు ప్లేటులోకి దిగింది. ఎడమ చెయ్యి లేచింది. స్కార్ఫు భుజం మీద నుంచి తలమీదికి వచ్చింది.

ఆ వెంటనే ఆమెకు తెలివొచ్చింది. జుట్టు సర్దుకుంటున్నట్టు నటించి స్కార్ఫును కిందికి జార్చేసింది. రాజు గారు అప్పటికి కళ్ళు మూసుకున్నారు. మెల్విన్ మూయలేదు. మూస్తే అక్కడే సాస్‌లో ముఖం పెట్టి నిద్రపోతానని భయం. అందుకే ఆ చెయ్యి వెళ్ళిన దారంతా చూశాడు.

కోస్తాలో చర్చికి వెళ్ళే ఏ ఇంట్లోనైనా ఆడపిల్లకు ఊహ తెలియకముందే అలవాటయ్యే పని అది. ప్రార్థన అన్న మాట చెవిన పడితే చున్నీయో కొంగో తలమీదికి రావాలి, లేకపోతే వెనక నుంచి అమ్మ మొట్టికాయ పడుతుంది. ట్రైనింగులో యాస మార్చొచ్చు, నడక మార్చొచ్చు, పాస్‌పోర్టు మార్చొచ్చు. ఆ చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మెల్విన్‌కు ఆకలి చచ్చిపోయింది. విదేశంలో అడుగు పెట్టగానే మనవాళ్ళందరికీ పట్టే జబ్బే తనకూ పట్టింది. లిఫ్టులో ముందు నిలబడ్డ మనిషి చొక్కా గురించి తెలుగులో జోకులేసుకుంటాం, దిగేటప్పుడు ఆ చొక్కా మనిషి 'మీదే ఊరండీ' అని అడిగేదాకా. ఇక్కడ జోకుతో పోలేదు. లావాల్ వచ్చే చోటు, గుర్తు, చిప్పు ఉన్న చెవి, అన్నీ తనే ట్రామెక్కి దండోరా వేశాడు. రెండు రోజులుగా ఆమె చిప్పును ఎందుకు కాజేయలేదో కూడా ఇప్పుడర్థమైంది. వాళ్ళకు లావాల్ కూడా కావాలి. సాయంత్రం నీటి అద్దం దగ్గర లావాల్ ఎవరో ఆమె ఫోన్‌లో చెబుతుంది, అతన్నీ రాజు గారినీ కాల్చేస్తారు. తొట్టెలకు బోర్డోలో కొదవ లేదు.

చేతులు కడుక్కునే వంకతో రాజు గారిని పీపాల మధ్యకు తీసుకెళ్ళాడు. అరవడానికి లేదు కాబట్టి ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించాడు. రాజు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"మన పిల్లా?" అన్నారు. ఆయన ముఖంలో భయం కన్నా బాధ ఎక్కువ కనపడింది.

ఇటు నుంచి ఇటే ఎయిర్‌పోర్టుకి పోదామని మెల్విన్ టైపు చేశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. లావాల్ దగ్గర ఫోను లేదు. వీళ్ళు పారిపోతే ఆ మనిషి రొట్టె పట్టుకుని చావుకు ఎదురుగా నిలబడతాడు. అతను ట్రామ్ దిగి చౌకుకు నడిచే దారి కెథెడ్రల్ పక్క నుంచే. అక్కడే ఆపాలి, ఆపేదాకా క్లారా ఫోన్ తీయకూడదు.

రాజు గారు ఎడమ చెవి నుంచి మిషను తీసి మెల్విన్ అరచేతిలో పెట్టారు.

"నువ్వెళ్ళి ఇచ్చెయ్యి బాబూ. ఆ అమ్మాయిని నేను ఆపుతాను."

"ఆంటీకి మాటిచ్చాను అంకుల్," అన్నాడు మెల్విన్. ఆయనకు వినపడలేదు.

షెహజాదికి మెసేజ్ పెట్టాడు. ఫ్రెంచ్ పోలీసులు వస్తారు, కొంచెం టైం పడుతుంది అని జవాబొచ్చింది.

వ్యానులో ఊళ్ళోకి వచ్చాక రాజు గారు కెథెడ్రల్ చూస్తానన్నారు. ఆయన మోకాలి నొప్పికి మాత్రలు తెస్తానని మెల్విన్ తప్పుకున్నాడు. రాజు గారు క్లారాను తన కుడి పక్కనే ఉంచుకున్నారు, ఖాళీ ఎడమ చెవి ఆమెకు కనపడలేదు. చిప్పు ముసలాయన చెవిలోనే ఉందని ఆమె నమ్మకం, కాబట్టి ఆయన్నే అంటిపెట్టుకుంది. ఆమె చేతిసంచి లిప్‌స్టిక్కుకు ఉండాల్సిన దానికన్నా బరువుగా ఊగుతోంది. ఇద్దరూ ఆ పెద్ద తలుపు దాటి లోపలికి వెళ్ళాక మెల్విన్ ట్రామ్ స్టాపు వైపు నడిచాడు.

బయట ఇంకో గండం. సాయంత్రం పూట బోర్డోలో చంకలో రొట్టె లేని మనిషి కనపడడు. గుర్తు పెట్టిన మహానుభావుడు ఎప్పుడూ ఫ్రాన్సు వచ్చి ఉండడు. మెల్విన్ రొట్టె కనపడ్డ ప్రతివాడికీ ఎదురెళ్ళి కోడు వాక్యం ఇంగ్లీషులో అడిగాడు: ఈ ఏడాది వానలెలా ఉన్నాయి? ఒకాయన జాలిగా చూశాడు. ఒకావిడ గొడుగు ఇవ్వబోయింది. ఒక ముసలాయన నిజంగానే వానల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన్ని వదిలించుకుని చూసేసరికి, సగం కొరికిన రొట్టెతో ఒక పొట్టి మనిషి అప్పటికే చౌకు వైపు మలుపు తిరుగుతున్నాడు. మెల్విన్ పరుగెత్తి చొక్కా పట్టుకుని ఆపి, వానల సంగతి అడిగాడు.

"టార్నీట్‌లో కన్నా నయం," అన్నాడు ఆ మనిషి ఉలిక్కిపడి. ఆ మెల్‌బోర్న్ శివారు పేరే కోడుకు సరైన జవాబు.

మిషను చేతులు మారింది. లావాల్ దాన్ని అనుమానంగా చూసి, రుమాలుతో శుభ్రంగా తుడిచి జేబులో వేసుకున్నాడు. విషయం విని ఎదురు ట్రామెక్కి వెళ్ళిపోయాడు. నీటి అద్దం దగ్గర ఫోన్ కోసం కాచుక్కూర్చున్న ఆర్కిడ్ మనుషుల్ని అదే సమయంలో పోలీసులు తడి కాళ్ళతోనే బండెక్కించారు.

మెల్విన్ అదేమీ చూడలేదు. కెథెడ్రల్‌లోకి పరుగెత్తాడు. తొట్టిలో తేలే మనిషి ముఖానికి ఇప్పుడు రాజు గారి ముఖం అతుక్కుని వదలడం లేదు.

లోపలికి వెళ్ళగానే తెలుగు వినపడింది.

"ప్రభువా, ఈ బిడ్డది ఏ ఊరో నాకు తెలీదు. ఎవరి ఇంటి పిల్లో తెలీదు. తలమీద ముసుగేసుకోమని నేర్పిన ఆ తల్లి ఎక్కడున్నా ఆదరించయ్యా. ఈ బిడ్డ మీద కోపం పెట్టుకోకయ్యా..."

రాజు గారు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. ఆయన చేతిలో క్లారా ఎడమ చెయ్యి ఉంది. కుడి చెయ్యి సంచిలో, తుపాకీ మీద. తలమీద స్కార్ఫు. సంచిలో ఫోను గుర్రుమంటోంది. ఆయనకు వినపడదు కాబట్టి ప్రార్థన సాగుతోంది. ఆయన గొంతు తగ్గినప్పుడల్లా ఆమె భుజం బిగుసుకుంటోంది. ఇంకేం అయిపోయిందనుకునేలోపు ఆయన మళ్ళీ 'ప్రభువా' అని అందుకుంటున్నారు. ఆమెన్ అనకుండా లేవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మెల్విన్ వెనక వరసలో కూర్చుని ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆమె తిరగలేదు.

"ఇచ్చేశావా?" అంది తెలుగులో. అచ్చమైన గోదావరి యాస.

"ఇచ్చేశాను."

ఆమె సంచిలోంచి చెయ్యి తీసేసింది. సంచిని కాలితో వెనక్కి నెట్టింది.

"ఆమెన్ అంటాడేమోనని ఎప్పట్నుంచో చూస్తన్నా. అన్న వెంటనే కాల్చేద్దామనుకున్నా. మా అమ్మా ఇంతే. ప్రార్థన మొదలెడితే అన్నాలు చల్లారిపోయేయి."

"మీదే ఊరు?"

"ఇప్పుడెందుకులే," అంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒకటి మెల్విన్ పట్టుకున్నాడు, ఒకటి ఆయన పట్టుకున్నారు.

పోలీసులు లోపలికి వచ్చారు. మెల్విన్ వాళ్ళకు సంచి అందించి, కాసేపు ఆగమని సైగ చేశాడు. వాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. రాజు గారు ఫ్రాన్సు ప్రభుత్వాన్ని ప్రభువు చేతికి అప్పగించి, ద్రాక్షతోటల కూలీల దగ్గరికి వచ్చారు. అక్కణ్ణుంచి వ్యాను డ్రైవరు కుటుంబానికి వెళ్ళారు. ఆయన క్షేమంగా ఉన్నారు. మెల్విన్ ఆ మాట లోపల రెండుసార్లు అనుకుని, ముందు కుర్చీ మీద తల ఆనించాడు.

ఎట్టకేలకు ఆమెన్ వచ్చినప్పుడు బదులు పలికింది క్లారా ఒక్కతే. పోలీసులకు భాష రాదు, మన గూఢచారి గురక పెడుతున్నాడు.