ఎత్తుకీ ఎత్తుకీ మధ్య

మీ ఎదురుగా కూర్చుని తలూపుతున్న మనిషి నిజంగా అక్కడే ఉన్నాడని మీకెవరు చెప్పారు?

విశాఖలో ఈ ప్రశ్న అడిగేవాళ్లే లేరిప్పుడు. సిటీ బస్సులో, చేపల బజార్లో, పెళ్లిపందిట్లో అందరి చెవి వెనకా ఇందీవర కనిపెట్టిన చిప్పే.

అది చదరంగంలోంచి పుట్టింది. కంప్యూటర్‌లో లెక్కలు చేసే కోర్ అనేది డేటా కోసం ఎదురుచూస్తూ మధ్యమధ్య ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఇంకో పని దూర్చడమే హైపర్‌థ్రెడింగ్. వంటమనిషి ఒక్కరే, పొయ్యిలు రెండు. ఇందీవర చదరంగం ఆడే తన ప్రోగ్రామ్‌ని, అదే చెస్ ఇంజిన్‌ని, పదహారు కోర్ల మీద కోర్‌కి రెండేసి పనుల చొప్పున ముప్పైరెండు థ్రెడ్లతో నడిపింది. సెకనుకి చూసే పొజిషన్లు పావువంతు పెరిగాయి. ల్యాబంతా చప్పట్లు!

ఇంజిన్ ఆటల్ని పరీక్షించే పాత టోర్నమెంట్ ఆటగాడు రత్నం పెదవి విరిచాడు.

"స్పీడు సరే మేడమ్, గెలుపులేవి?"

"కొంచెం పెరిగాయిగా రత్నంగారూ."

"ఎంత? సముద్రంలో కాకిరెట్టంతా?"

ఇందీవర నవ్వేసింది. థ్రెడ్లు ఎక్కువైతే ఒకటి వెతికిన దారినే ఇంకోటీ వెతుకుతుందని ఆమెకి తెలుసు. తెలిసీ వేగాన్నే లెక్కేసింది. అదే లెక్కతో మనిషి మెదడు ఒకేసారి రెండు పనులు చేసేలా చిప్పు చేసి, ముందు తనకే పెట్టుకుంది.

రోజూ భోజనాలయ్యాక వాళ్లిద్దరూ చెక్కబల్ల మీద ఓ ఆట ఆడేవారు. రత్నం ఎత్తు వెయ్యడానికి యుగాలు పట్టేది. ఆలోగా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, అతని పాత ఓటముల కబుర్లు. రోజు మొత్తమ్మీద ఆమె మనిషితో మాట్లాడేది అప్పుడే. చిప్పు వచ్చాక ఆమె సగం బుర్ర ఆడేది, సగం కోడ్ రాసేది.

"ఎత్తులు బానే ఉన్నాయి మేడమ్. మీరే లేరు" అని అతను ఆటకి రావడం మానేశాడు.

ఆమె పనులన్నీ రెట్టింపయ్యాయి. కానీ ఎవరి ముఖమూ గుర్తుండటం లేదు. చివరికి ఇందీవర చిప్పు ఆపేసింది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినట్టు తలంతా నిశ్శబ్దం. వేరుశనక్కాయలు ఉడకబెట్టుకుని కంచరపాలెంలో రత్నం ఇంటికెళ్లింది.

"రండి రండి!" అంటూ అతను బల్ల పరిచాడు.

ఆమె నిదానంగా ఎత్తు వేసింది. జవాబు వెంటనే వచ్చింది. మళ్లీ అంతే.

"ఆలోచించరేంటి?"

"ఆలోచిస్తున్నానుగా." ఆమె భుజం పైనుంచి ఎటో చూస్తూ నవ్వాడు. అతని చెవి వెనక చిప్పు దీపం వెలుగుతోంది. "మీకు దీటుగా ఉండాలని పెట్టించుకున్నా మేడమ్. ఎంత హాయో! ఇలా మీతో ఆడుతూనే, లోపల చర్చి పాట సాధన చేసుకుంటున్నా."

ఆమె కాయలు వొలిచి సగం అతని వైపు పెట్టింది. అతను ముట్టలేదు. ఆట ఆమే గెలిచింది. అతను గమనించనేలేదు, పావులు మళ్లీ సర్దేశాడు.

వింటున్న మిమ్మల్నే అడుగుతున్నా. మీ ఎదుటివాళ్లు ఎత్తు ఆలోచిస్తున్నప్పుడు ఆ ఖాళీలో ఇంకేదీ దూర్చకండి. చిప్పు ఆపండి. వాళ్ల ముఖం చూడండి, వాళ్లింకా అక్కడ ఉండగానే.